నాలుగు మాటలైనా చాలు

జవాబు తెలిసీ నోరు విప్పని పిల్లలు మా తరగతుల్లో ఏటా కనిపిస్తూనే ఉంటారు. రాసిమ్మంటే చక్కగా రాసిస్తారు. లేచి చెప్పమంటే తల దించుకుంటారు. వీరిని మొద్దులనో, పొగరుబోతులనో అనుకోవడం అన్యాయం. రేపు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళితే, తెలిసిన చదువు కూడా ఈ బిడియం వల్ల లెక్కకు రాకుండా పోతుంది.

ఫిరౌన్ దర్బారుకు వెళ్లే ముందు హజ్రత్ మూసా (అ) తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. తనకన్నా ధారాళంగా మాట్లాడే సోదరుడు హారూన్ (అ)ను తోడుగా ఇవ్వమనీ కోరారు. ఈ సంగతి ఖుర్ఆన్‌లోనే ఉంది. తోడు కోరడంలో చిన్నతనం లేదు.

మన కాలానికి దగ్గరి ఉదాహరణ గాంధీజీ. లండన్‌లో చదివే రోజుల్లో శాకాహారుల సభల్లో ఆయనకు మాట పెగిలేది కాదు. ఒకసారి, ఒకే కాగితం మీద రాసుకున్న ఉపన్యాసం చదవబోతే చూపు మసకబారింది, ఒళ్లు వణికింది. దాన్ని మిత్రుడు చదివి వినిపించాడు. బారిస్టరై వచ్చాక బొంబాయి కోర్టులో తొలి కేసులోనే సాక్షిని ప్రశ్నించలేక కూర్చుండిపోయారు.

1893లో దాదా అబ్దుల్లా అనే వర్తకుని వ్యాజ్యం పనిమీద ఆయన దక్షిణాఫ్రికా వెళ్లారు. ప్రిటోరియాలో హాజీ ముహమ్మద్ హాజీ జూసబ్ ఇంట్లో భారతీయులు సమావేశమయ్యారు. వారిలో ఎక్కువమంది మేమన్ వర్తకులు. వ్యాపారంలో సత్యం పాటించాలని గాంధీజీ వారికి చెప్పారు. తన జీవితంలో తొలి బహిరంగ ఉపన్యాసం అదేనని ఆత్మకథలో రాసుకున్నారు.

అక్కడ నోరెలా వచ్చింది? అది పెద్ద వేదిక కాదు, ఒక ఇల్లు. విషయం ఆయన మనసుకు పట్టినది. దాన్ని ముందే ఆలోచించుకుని వెళ్లారు.

మన పిల్లలకూ ఇదే దారి. రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. బాగా తెలిసిన ఒక్క విషయం ఎంచుకోవాలి. మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠతా పట్టాలి. మధ్యలో చెప్పే రెండు మూడు సంగతులు చీటీ మీద రాసుకోవాలి. ముందు ఇంట్లో అమ్మీకో, చెల్లెలికో చెప్పి చూడాలి. మరిచిపోతే కంగారు పడక, చీటీ చూసుకుని సాగిపోవాలి.

ఉపాధ్యాయులు కూడా హఠాత్తుగా లేపి నిలబెట్టకుండా, ఏం చెప్పాలో ముందురోజే పిల్లవాడికి తెలపాలి. నవ్వేవారిని వారించాలి. ఆ పిల్లవాడు వాగ్ధాటి గల వక్త కాకపోవచ్చు. అవసరమైన చోట తన మాట తాను చెప్పుకోగలిగితే అదే పదివేలు.