ఆదివారం కాగితం మీద పాతిక పేర్లు

అమెరికాలో ఆగస్టు చివరి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా శనివారం వచ్చిందంటే కాలేజీ ఫుట్‌బాలే. ఆదివారం పొద్దున్నే వీరాభిమాని ముందుగా చేసే పని, పాతిక జట్లను ఒకటి, రెండు, మూడు అంటూ వరుసలో పేర్చుకోవడం. ఎవరూ అడగని, ఎవరూ జీతమివ్వని ఈ పని దాదాపు వందేళ్లుగా ఆ ఆట జాతకాన్ని మారుస్తూ వస్తోంది.

2007 సెప్టెంబరు 1. మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్. స్టేడియంలో లక్షా తొమ్మిది వేలకు పైగా జనం. బరిలో ఒకవైపు దేశంలో 5వ ర్యాంకు జట్టు మిషిగన్. మరోవైపు నార్త్ కరోలినా కొండల్లోని బూన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన అపలాచియన్ స్టేట్. అది పై డివిజన్ జట్టు కూడా కాదు, ఒక మెట్టు కింద ఆడే జట్టు. ఇంకా 26 సెకన్లు ఉందనగా ఆ చిన్న జట్టు 34-32తో ముందుకొచ్చింది. మిషిగన్‌కు చివరగా ఒక్క కిక్ కొట్టే అవకాశం దొరికింది. దూరం 37 గజాలు. బంతి గోల్ స్తంభాలు రెండింటి మధ్య నుంచి వెళ్తే చాలు, మూడు పాయింట్లు, దాంతోపాటే గెలుపు. కోరీ లించ్ అనే కుర్రాడు దూసుకొచ్చి బంతిని అడ్డుకున్నాడు. లక్ష గొంతులు ఒక్కసారిగా మూగబోయాయి.

తర్వాత వెలువడిన అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ జాబితాలో మిషిగన్ 5వ స్థానం నుంచి ఏకంగా పాతిక బయట పడింది. మరి గెలిచిన జట్టు? దాని పేరు కూడా అందులో లేదు. కింది డివిజన్ జట్లకు ఓటు వెయ్యడానికి అప్పట్లో నిబంధనలు ఒప్పుకునేవి కావు మరి! కొన్ని రోజులకు ఆ సంస్థ నిబంధన మార్చుకుంది. సొంత కాగితం మీద రాసుకునే అభిమానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. కళ్లతో చూసింది చూసినట్టు రాసుకోగలడు. ఈ అలవాటులోని బలమంతా అక్కడే ఉంది.

ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్నపత్రం

ర్యాంకు అనగానే మనకు గుర్తొచ్చేది ఎంసెట్. అందరికీ ఒకే సిలబస్, మార్కుల్ని బట్టి వరుస. ఐపీఎల్ అయితే పది జట్లు, తలా 14 మ్యాచ్‌లు. పాయింట్ల పట్టిక చూస్తే ఎవరెక్కడున్నారో తెలిసిపోతుంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. పై డివిజన్‌లోనే 130కి పైగా జట్లున్నాయి. ఒక్కోటి సీజన్‌లో ఆడేది సుమారు పన్నెండు మ్యాచ్‌లు. దేహాలు ఢీకొట్టుకునే ఆట కాబట్టి వారానికి ఒకటికి మించి ఆడటం కష్టం. ఒక్క మ్యాచ్‌లోనూ ఓడని రెండు జట్లు ఒకదానికొకటి ఎదురుపడకుండానే సీజన్ ముగిసిపోవచ్చు. పైగా ఒకరికి దక్కింది కష్టమైన ప్రశ్నపత్రం, ఇంకొకరికి సులువైనది. అందుకే ఎవరో ఒకరు కూర్చుని తూకం వెయ్యక తప్పదు.

1926లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్థశాస్త్ర ఆచార్యుడు ఫ్రాంక్ డికిన్సన్ ఆ తూకాన్ని లెక్కలతో మొదలుపెట్టాడు. 1936లో అసోసియేటెడ్ ప్రెస్ క్రీడా సంపాదకుడు అలన్ గౌల్డ్ దాన్ని ప్రతివారం జరిగే ఓటింగ్‌గా మార్చాడు. శనివారానికీ శనివారానికీ మధ్య జనం మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్నది ఆయన ఆలోచన. ఆ ఏడు మిన్నెసోటా విజేతగా నిలిచింది. ఇప్పుడు పాత్రికేయులు తలా 25 పేర్లు రాస్తారు. మొదటి పేరుకు 25 పాయింట్లు, రెండోదానికి 24, చివరిదానికి 1. అన్నీ కూడితే ఆ వారం జాబితా తయారు.

ఇంటి లెక్కలు దేశం లెక్కలైన రోజులు

1998 నుంచి 2013 సీజన్ దాకా ఫైనల్ ఆడే రెండు జట్లను ఎంచడానికి ఓట్లతోపాటు కంప్యూటర్ లెక్కల్నీ వాడారు. ఆ లెక్కలు ఎవరివనుకున్నారు? కెన్నెత్ మాసీ బ్లూఫీల్డ్ కాలేజీలో చదువుకునే రోజుల్లోనే తన పద్ధతిని తయారుచేసుకున్నాడు. రిచర్డ్ బిల్లింగ్స్‌లీ గణిత పండితుడు కాదు, ఆట మీద ప్రేమతో ఏళ్ల తరబడి ర్యాంకులు కట్టిన మనిషి. వెస్ కాలీ ఖగోళ భౌతిక శాస్త్రవేత్త.

కాలీ సూత్రం ఇంటర్ విద్యార్థికీ అర్థమవుతుంది. గెలుపులకు ఒకటి కలపాలి, ఆడిన మ్యాచ్‌లకు రెండు కలపాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఒక్క మ్యాచూ ఆడని జట్టుకు సగం వస్తుంది. ఒకటి ఆడి గెలిస్తే మూడింట రెండు, ఓడితే మూడింట ఒకటి. ఆపైన ప్రత్యర్థుల బలాన్ని బట్టి ఆ అంకెను సరిచెయ్యాలి. ఎంత తేడాతో గెలిచారన్నది అందులో లేదు, జట్టు పేరు ప్రతిష్ఠలకూ చోటు లేదు.

అప్పట్లో వాడిన ఆరు కంప్యూటర్ పద్ధతుల్లో సూత్రాన్ని పూర్తిగా బయటపెట్టింది కాలీ ఒక్కడే. 2010 సీజన్ చివర్లో జెర్రీ పామ్ అనే ర్యాంకుల పరిశీలకుడు అదే సూత్రంతో లెక్క వేసి చూస్తే తుది జాబితా సరిపోలేదు. ఒక్క మ్యాచ్ ఫలితం నమోదు కాలేదు. ఆ మ్యాచ్ ఆడింది కూడా మన అపలాచియన్ స్టేటే! దాన్ని చేర్చి సరిచేస్తే బోయిజీ స్టేట్ 10వ స్థానానికి ఎక్కింది, లూసియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ) 11కి దిగింది. కాలీ తప్పు ఒప్పుకున్నాడు. మిగతా అయిదు పద్ధతుల్లో ఇలాంటి పొరపాటు జరిగినా బయటివాళ్లు పట్టుకునే వీలే లేదు. లెక్క నలుగురి ముందు ఉన్నప్పుడే కదా తప్పు దొరికేది!

ముగ్గురూ ముగ్గురే

ఆదివారం కాగితం ఎంత కష్టమో 2008 నాటి టెక్సస్ పరిసరాల అభిమానుల్ని అడగాలి. టెక్సస్ జట్టు ఓక్లహోమాను 45-35తో ఓడించింది. లబ్బక్‌లో టెక్సస్ టెక్ ఆఖరి సెకన్లో టెక్సస్‌ను 39-33తో పడగొట్టింది. ఆ టెక్సస్ టెక్‌ను ఓక్లహోమా 65-21తో చిత్తు చేసింది. మూడింటికీ ఒక్కొక్కటే ఓటమి. ‘గెలిచినవాడు పైన’ అంటే ముగ్గురూ ఒకరి మీద ఒకరు కూర్చోవాలి! చివరికి ర్యాంకుల్లో వెంట్రుకవాసి తేడాతో ఓక్లహోమా ముందుకెళ్లి ఫైనల్ ఆడింది. మైదానంలో దాన్ని ఓడించిన టెక్సస్ ఇంట్లో కూర్చుని చూసింది.

2017లో సెంట్రల్ ఫ్లోరిడా (యూసీఎఫ్) జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అయినా కంప్యూటర్ లెక్కల స్థానంలో వచ్చిన 13 మంది సభ్యుల ఎంపిక కమిటీ దాన్ని 12వ స్థానంలో పెట్టింది. అప్పట్లో చివరి నాకౌట్ పోటీలకు తీసుకునేది నాలుగు జట్లనే. ఆ సీజన్‌లో ఫైనల్ చేరిన అలబామా, జార్జియా రెండింటినీ అంతకుముందు ఒకసారి ఓడించింది ఆబర్న్. ఆ ఆబర్న్‌ను కొత్త సంవత్సరం నాడు యూసీఎఫ్ 34-27తో గెలిచింది. ఫైనల్ గెలిచిన అలబామానే దేశం చాంపియన్ అంది. కాలీ లెక్క మాత్రం యూసీఎఫ్‌ను 1వ స్థానంలో నిలిపింది.

పాత కాగితం మడిచిపెట్టాలి

మంచి జాబితా కట్టేవాళ్లు మూడు ప్రశ్నలు వేసుకుంటారు. ఎవరిని గెలిచారు? ఎక్కడ గెలిచారు? ఎవరి చేతిలో ఓడారు? సొంతగడ్డ మీద బలహీనుల్ని యాభై పాయింట్ల తేడాతో చితక్కొట్టడం కన్నా, పరాయి స్టేడియంలో లక్షమంది అరుపుల మధ్య మూడు పాయింట్లతో గట్టెక్కడం గొప్ప. వాళ్లు ముఖ్యంగా జాగ్రత్తపడేది కిందటి వారం జాబితా విషయంలో. దాన్ని ముందు పెట్టుకుంటే చెయ్యి పాత వరుసనే రాస్తుంది. అసలు బంతి కదలకముందే ర్యాంకులిచ్చే ఆనవాయితీ 1950 నుంచీ ఉంది. పేరున్న జట్టు పైన మొదలై, ఓడేదాకా పైనే ఉంటుంది. పేరులేని జట్టు ప్రతివారం గెలుస్తూ ఒక్కో మెట్టూ ఎక్కాలి. ఇది అన్యాయమని నా నమ్మకం. ప్రతి ఆదివారం ఖాళీ కాగితంతో మొదలుపెట్టేవాడే న్యాయం చెయ్యగలడు.

2024 నుంచి ఆ నాకౌట్ పోటీలకు 12 జట్లను తీసుకుంటున్నారు. ఆ మొదటి ఏడాది కమిటీ 6వ ర్యాంకు ఇచ్చిన ఒహాయో స్టేట్ కప్పు గెలిచింది. పాత పద్ధతే ఉండి ఉంటే ఆ జట్టుకు ఆడే అవకాశమే దక్కేది కాదు. పెద్దల జాబితా కూడా తప్పగలదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

టెక్సస్‌లోనో, ఒహాయోలోనో చదువుకుంటున్న మన పిల్లలకు ఒక మాట. మీ కాలేజీ జట్టు ఆడే శనివారం ఒక్కసారి స్టేడియానికి వెళ్లండి. ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకుని పాతిక పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కనా కారణం రాయండి. కారణం దొరకని పేరు కొట్టెయ్యండి. వచ్చే ఆదివారం మళ్లీ కొత్త కాగితం తియ్యండి.