చిన్న చప్పుడును సహింపలేని బిడ్డలు

తమిళనాట నున్న మన పాఠశాలలో నాలుగవ తరగతి చదువుచుండిన యొక బాలుడు గంట మ్రోగగానే రెండు చెవులు మూసికొని బల్లక్రిందికి దూరెడివాడు. మధ్యాహ్నభోజనవేళ స్టీలు పళ్లెముల చప్పుడు విన్నంతనే కన్నీరు పెట్టుకొనెడివాడు. మేము దానిని అల్లరియని తలంచి, రెండుమార్లు ప్రార్థనవేళ అందరి యెదుట నిలువబెట్టితిమి. తుదకు వాని తల్లి వచ్చి, "అయ్యవారూ, ఇంట్లో కుక్కరు కూసినా వీడింతే, వీధిలోకి పరుగెత్తుతాడు. కావాలని చేసేది కాదు" అని చెప్పినప్పుడుగాని మా తప్పు మాకు తెలిసిరాలేదు. అటుపిమ్మట వైద్యులనడిగి, గ్రంథములు చూచి తెలిసికొన్న సంగతులను తల్లిదండ్రులకు విన్నవించుట మా విధి యని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

శబ్దము గాలిలో తరంగములుగా వచ్చి కర్ణభేరిని తాకును. దాని వెనుకనున్న మూడు చిన్న యెముకలు ఆ కదలికను లోపలి చెవికి చేర్చును. నత్తగుల్లవలె చుట్టుకొనియున్న ఆ భాగమందలి సూక్ష్మకణములు దానిని విద్యుత్సంకేతములుగా మార్చి నాడిద్వారా మెదడునకు పంపును. కావున వినుట చెవితో ముగియదు. వచ్చిన సంకేతమును ఎంత హెచ్చుగా గ్రహింపవలెనో మెదడే నిర్ణయించును. రేడియోలో ధ్వనిని హెచ్చించు మీటవంటిది మెదడునందును గలదనుకొందము. కొందరిలో ఆ మీట ఎల్లప్పుడు పైననే నిలిచియుండును. దీనినే వైద్యులు హైపరెక్యూసిస్ అందురు.

శబ్దతీవ్రతను డెసిబెల్‌లలో కొలుతురు. గుసగుస ఇంచుమించు 30, మామూలు సంభాషణ 60 డెసిబెల్‌లు. సామాన్యులకు 100 డెసిబెల్‌ల ప్రాంతమునగాని ధ్వని దుర్భరముగా తోచదు. ఈ బాధ గలవారికి 70, 80 డెసిబెల్‌లే దుర్భరము. విచిత్రమేమనగా, వినికిడి పరీక్షలో వీరికి లోపమేమియు కనబడకపోవచ్చును. అందుచేతనే పెద్దలు దీనిని నటన యని పొరబడుదురు.

దీనిని పోలినది మరియొకటి గలదు. అందులో ధ్వని పెద్దదా చిన్నదా యన్నది ప్రధానము కాదు. నమలుట, చీదుట, కలము టక్కుమనిపించుట వంటి కొన్ని ప్రత్యేకధ్వనులు పట్టరాని కోపమును, రోతను కలిగించును. దీనికి 2001లో జాస్ట్రెబాఫ్ దంపతులు మిసోఫోనియా అను పేరు పెట్టిరి.

హైపరెక్యూసిస్‌నకు కారణములు పలువిధములు. మితిమీరిన ధ్వనికి గురియగుట, తలకు దెబ్బ తగులుట, పార్శ్వపు నొప్పి యనునవి కొన్ని. ముఖపక్షవాతమున మధ్యచెవిలోని చిన్న కండరమొకటి పని మానుటవలనను ఇది కలుగవచ్చును. ఆటిజమ్ గల పిల్లలలో ఇది తరచుగా కనబడును. ఏ కారణమును తెలియనివారును పలువురు గలరు.

బిడ్డమీది జాలితో రోజంతయు చెవులలో దూది పెట్టుట మంచిది కాదు. నిశ్శబ్దమునకు అలవడిన మెదడు మీటను మరింత హెచ్చించుకొనును. టపాకాయలు కాల్చునప్పుడు, మేళము సాగునప్పుడు కొంతసేపు చెవులకు రక్షణ నిచ్చుట యుక్తమే. "ధైర్యము వచ్చును" అని బలవంతముగా చప్పుడులోనికి లాగుటయు తప్పే. చెవి, ముక్కు, గొంతు వైద్యునికిని, వినికిడి నిపుణునికిని చూపవలెను. మెల్లని ధ్వనిని నిత్యము వినిపించి క్రమముగా అలవాటు చేయుట, భయమును తగ్గించు మానసిక శిక్షణ — ఇవి పలువురికి మేలు చేసినవి.

మా బాలునికి మేము చేసినది స్వల్పమే. వాని చోటును గంటకు దూరముగా మార్చితిమి. కుర్చీకాళ్లకు రబ్బరు తొడిగించితిమి. గంట కొట్టుటకు ముందు ఉపాధ్యాయుడు వానికి సైగ చేయును. కొంతకాలమునకు వానిచేతికే సుత్తినిచ్చి, నీకు నచ్చినంత మెల్లగా కొట్టుమంటిమి. తన చేతిలోనున్న ధ్వనికి వాడు అంతగా భయపడలేదు. తమిళ పాఠమున వాడు వెనుకబడుటకు పరభాషయే కారణమని మేమనుకొంటిమి. ఆ గది వీధివైపున నుండుట కారణమని తరువాత తెలిసినది. వాని బాధ పూర్తిగా పోలేదు. అయినను ఇప్పుడు ప్రార్థన ముగియువరకు నిలువగలుగుచున్నాడు. నాడు అందరి యెదుట నిలువబెట్టిన వానిని, అందరి యెదుటనే మన్నింపు కోరితిమి.

మరియొక మాట. 2000 సంవత్సరమున కేంద్రప్రభుత్వము చేసిన శబ్దకాలుష్య నియమముల ప్రకారము పాఠశాలల చుట్టు 100 మీటర్ల మేర నిశ్శబ్దమండలము కాదగియున్నది. అచ్చట పగటి పరిమితి 50 డెసిబెల్‌లు. ఆడి మాసమున అమ్మవారి ఉత్సవములకు మన వీధులలో ధ్వనివర్ధకములు కట్టించువారిలో మన తల్లిదండ్రులును గలరు. భక్తికి లోపము రాకుండ ఆ గొట్టములను బడివైపునుండి త్రిప్పించిన చాలును.

మీ ఇంట చెవులు మూసికొను బిడ్డ యున్నయెడల, దండించుటకు ముందు ఒక్కసారి "ఏ చప్పుడు నాయనా?" అని యడుగుడు. మేము ఆ ప్రశ్నను ఆలస్యముగా అడిగితిమి. మీరు ఆలస్యము చేయవలదని మా మనవి.