క్రీడావైద్యుడు - అతని పని, అతని చదువు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పాఠశాలలలో ఆటలనగానే కబడ్డీ, ఖోఖో, పరుగు పందెములు గుర్తునకు వచ్చును. వీటికి ఖర్చు తక్కువ. చదునైన నేల ఉన్న చాలును. కాని పరుగెత్తుచు గభాలున ఆగుట, ఒక్కసారిగా ప్రక్కకు తిరుగుట, వెనుకనుండి పట్టుబడుట - ఇవన్నియు మోకాలికి కఠిన పరీక్షలే. కాలు మెలితిరిగి పడిన విద్యార్థికి నూనె రాసి తోముట, కట్టు కట్టించుట, నొప్పి తగ్గగానే మరల బరిలోనికి దించుట పల్లెలలో పరిపాటి. ఈ తొందర వలన ఆటయే కాక, ఒక్కొక్కప్పుడు జన్మాంతము ఆ కాలే చెడును. ఇట్టి నష్టమును నివారించుటకు ఏర్పడిన వైద్యశాఖయే క్రీడావైద్యము.

ఈ శాఖ నిన్న మొన్నటిది కాదు. 1928లో స్విట్జర్లండులోని సెంట్ మోరిజ్‌లో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, అచ్చట కూడిన వైద్యులు అంతర్జాతీయ క్రీడావైద్య సంఘమునకు పునాది వేసిరి. ఎముకల వైద్యుడు విరిగిన ఎముకను అతుకును. గుండె వైద్యుడు గుండెను పరీక్షించును. క్రీడావైద్యుడు వీటన్నిటిని తెలిసికొని ఉండి, చివరకు ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలెను: ఈ ఆటగాడు ఇప్పుడు ఆడవచ్చునా, ఆడరాదా?

అతని పని గాయము తగులుటకు ముందే మొదలగును. పరుగెత్తునప్పుడు ఎప్పుడైన స్పృహ తప్పినదా, కుటుంబములో చిన్న వయసున హఠాత్తుగా మరణించినవారు ఉన్నారా అని అతడు అడుగును. గుండె కండరము పుట్టుకతో వచ్చిన లోపము వలన మితిమీరి దళసరి అగు జబ్బు ఒకటి కలదు. పైకి ఆరోగ్యముగా కనిపించు యువకుడు ఆటస్థలములోనే కుప్పకూలుటకు ఇది ఒక కారణము. త్వరగా ఆయాసపడు బాలికలలో రక్తహీనత ఉన్నదేమో చూచుట కూడ ఈ పరీక్షలో భాగమే.

గాయము విషయమున మోకాలినే ఉదాహరణగా తీసికొందము. తొడ ఎముకను, దాని క్రింది కాలి ఎముకను కీలు లోపల ఏటవాలుగా పట్టి ఉంచు బలమైన నారపట్టీ కలదు. దీనిని ముందరి క్రూసియేట్ లిగమెంటు అందురు. పాదము నేలకు ఆని ఉండగా దేహము గిరుక్కున తిరిగినచో ఇది తెగవచ్చును. లోపల టప్పున తెగినట్లు తోచుట, కొద్ది గంటలలోనే మోకాలు ఉబ్బుట దీని చిహ్నములు. కీలులో రక్తము కారుటయే ఆ ఉబ్బునకు కారణము. అప్పుడు తోమినను, కాపడము పెట్టినను వాపు హెచ్చును. కొన్ని వారములకు వాపు తీసి, విద్యార్థి మామూలుగా నడచును. మోసమంతయు ఇక్కడనే ఉన్నది. తిన్నగా నడచుటకు ఈ పట్టీతో అంత పని లేదు. గిరుక్కున తిరుగుటకే దాని అవసరము. నయమైనదనుకొని బరిలో దిగినచో మోకాలు జారి, ఎముకల నడుమనున్న మెత్తలు చిరుగును. ఏండ్లు గడచిన పిదప కీలు అరుగుటకు ఇదియే బీజము.

శస్త్రచికిత్సలో తెగిన పట్టీకి బదులు దేహములోని వేరొక స్నాయువును అమర్చెదరు. అది మొదటి నెలలలో బలహీనపడి, క్రొత్త రక్తనాళములు పాకిన తరువాత మెల్లగా బలపడును. కనుక కనీసము 9 నెలల వరకు పోటీ ఆటలు కూడవని వైద్యులు చెప్పుదురు. నెలలు లెక్కించిన చాలదు; గాయపడిన కాలితో కుంటుచు ఎగిరిన దూరము, తొడ బలము రెండవ కాలితో సరితూగవలెను. 1994లో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్సలు చేయించుకొనిన పుల్లెల గోపీచంద్, 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేత అయిరి. 2022లో పి.వి. సింధు కామన్వెల్తు స్వర్ణము గెలిచిన వెంటనే, ఎడమ పాదపు ఎముకలో సన్నని పగులు వలన ప్రపంచ పోటీలను వదలుకొనిరి. సమయము చూచి ఆగుట కూడ ఆటలో భాగమే.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. ఎండలో ఆడుచు తికమకగా మాటలాడుచు, ఒడలు కాలిపోవుచు పడిపోయిన వానిని ముందు చల్లని నీటితో తడిపి చల్లబరచి, తరువాతనే ఆసుపత్రికి తరలించవలెను. క్రీడావైద్యుడు ఉపాధ్యాయులకు నేర్పు పాఠములలో ఇది ఒకటి.

ఇక చదువు సంగతి. ఇంటరులో జీవశాస్త్రము చదివి, నీట్ పరీక్ష ద్వారా ఎం.బి.బి.ఎస్.లో చేరవలెను. నాలుగున్నర ఏండ్ల చదువు, ఒక ఏడాది ఆసుపత్రి శిక్షణ ముగిసిన పిదప, మరియొక ప్రవేశ పరీక్షతో మూడేండ్ల ఎం.డి. క్రీడావైద్యములో చేరవచ్చును. పూనాలోని సైనిక వైద్య కళాశాల ఈ విద్యను బోధించు సంస్థలలో ఒకటి. 1961లో పటియాలాలో నెలకొన్న జాతీయ క్రీడా సంస్థ కూడ వైద్యులకు క్రీడావైద్యములో డిప్లొమా నడుపుచు వచ్చినది. వ్యాయామము వలన దేహములో కలుగు మార్పులు, గాయములు, వ్యాయామ చికిత్స, ఆహారము, నిషిద్ధ ఔషధములు - ఇవి పాఠ్యాంశములు. జలుబు మందులలో కొన్నిటియందుండు ఎఫిడ్రిన్ పరిమితి మించినచో పోటీలలో నేరమగును. కనుక ఆటగాడు మింగు మాత్రనైనను ఈ వైద్యుడు చూడవలెను.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులలోను, 2024లో గద్వాలలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. ఈ దారిలో మొదటి మెట్టు ఇప్పుడు ఇంటి ముంగిట ఉన్నది. అంతవరకు ఉపాధ్యాయులు చేయగల పని కూడ ఉన్నది. నార్వేలో 13 మొదలు 17 ఏండ్ల బాలికలపై జరిపి, 2008లో ప్రకటించిన పరిశోధనలో, ఆటకు ముందు 20 నిమిషములు క్రమపద్ధతిలో దుముకుట, మోకాలు వంచి దిగుట, ఒంటికాలిపై నిలుచుట అభ్యసించినవారికి గాయములు దాదాపు మూడవ వంతు తగ్గినవి. దీనికి పరికరము లక్కరలేదు. పడిన విద్యార్థిని ఆ రోజు మరల ఆడనీయకుండుట, ఉబ్బిన మోకాలిని తోమనీయకుండుట, వైద్యునికి చూపించుట - ఈ మూడు పాటించిన ఉపాధ్యాయుడు ఒక బిడ్డ కాలిని నిలిపినవాడగును.