ద్విపద పాదమున అక్షరసంఖ్య: సంభావ్యతచే ప్రస్తారము

చిట్యాల యున్న నల్లగొండ సీమలోనిదే రాచకొండ. ఆ రాజ్యకాలమునకు చెందిన గౌరన హరిశ్చంద్రకథను ద్విపదలో రచించెను. అట్టి కావ్యమును పరిశోధించు విద్యార్థి పాదాక్షరములను లెక్కించి, పదమూడక్షరముల పాదములే హెచ్చుగా నున్నవని కనుగొనెననుకొందము. అది కవి యభిరుచియా, ఛందస్సు స్వభావమా? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు, లక్షణమును బట్టి ఎన్నక్షరముల పాదము లెన్ని యేర్పడునో తెలియవలెను.

ద్విపద పాదమున మూడింద్రగణములు, ఒక సూర్యగణము ఉండును. ఇంద్రగణము లాఱు: నల, నగ, సలములకు నాలుగేసి యక్షరములు, భ, ర, త గణములకు మూడేసి. సూర్యగణములు రెండు: న గణమునకు మూడక్షరములు, హ గణమునకు రెండు. యతిప్రాసలను ప్రక్కనుంచినచో పాదభేదములు 6 × 6 × 6 × 2 = 432. వీనినన్నిటిని వ్రాసి లెక్కింపవచ్చును గాని, శ్రమ యధికము. పొరపాటునకు తావు హెచ్చు.

మార్గాంతరము కలదు. ప్రతి గణమును చీటి తీసి నిర్ణయించితిమనుకొందము. ఇంద్రగణములలో సగము దీర్ఘములు, సగము హ్రస్వములు, సూర్యగణములందును అంతే. (ఇచట దీర్ఘమనగా ఒక యక్షరము హెచ్చుగా గలదని మాత్రమే యర్థము.) కావున ప్రతి స్థానమునను దీర్ఘగణము వచ్చు సంభావ్యత 1/2. పాదరచన నాలుగు నాణెములను ఎగురవేయుటతో సమానమైనది. అన్నియు హ్రస్వములైనచో 11 అక్షరములు. బొమ్మ పడిన ప్రతి నాణెమునకు ఒక యక్షరము పెరుగును. నాలుగు నాణెముల ఫలితములు 16. బొమ్మల సంఖ్యను బట్టి అవి 1, 4, 6, 4, 1గా విభక్తమగును. పింగళసూత్రములకు హలాయుధుడు 10వ శతాబ్దమున రచించిన వ్యాఖ్యలో వివరించిన మేరుప్రస్తారమున ఇది యొక పంక్తి. 432ను 16చే భాగింప 27 వచ్చును. కనుక 11, 12, 13, 14, 15 అక్షరముల పాదములు క్రమముగా 27, 108, 162, 108, 27. ఒక్క పాదమునైనను వ్రాయకయే లెక్క ముగిసినది.

ఈ మార్గము ఛందస్సునకే పరిమితము కాదు. హంగరీ గణితజ్ఞుడు పాల్ ఏర్డోష్ 1947లో, తాను కోరిన కూర్పును నిర్మించి చూపకయే, అది యుండి తీరునని సంభావ్యతచే నిరూపించెను.

ఇక మొదటి ప్రశ్న. పదమూడక్షరముల పాదముల వంతు 162/432, అనగా 3/8. వేయి పాదములలో సుమారు 375 అట్టివైనచో, అంతమాత్రమున కవి యభిరుచి రుజువు కాదు. అయితే ఒక హెచ్చరిక యవసరము. చీటి తీయుట లెక్కకై మనము చేసిన కల్పన. లెక్కకు దానివలన లోపము లేదు. కాని తెలుగు మాటలు చీటివలె రావు. కొన్ని గణములు భాషలో సులభముగా కుదురును, కొన్ని కుదురవు. కాబట్టి 3/8 తీర్పు కాదు, కొలబద్ద మాత్రమే. దానికంటె మిక్కిలి భేదము కనబడినచోట భాషాస్వభావమును ముందు విచారించి, ఆ పిమ్మటనే కవి ప్రత్యేకతను పేర్కొనుట న్యాయము.