చిన్న రెయిజ్ వెనక పెద్ద చెయ్యి

"అక్కా, ఇంత చిన్న రెయిజ్ చేశాడంటే చేతిలో ఏమీ లేనట్టేగా?" న్యూజెర్సీలోని మా ఎడిసన్‌లో కొత్తగా ఆన్‌లైన్ పోకర్ మొదలుపెట్టిన తెలుగు కుర్రాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. నా జవాబు ఎప్పుడూ ఒకటే. చిన్న పందేల టేబుల్ మీద చిన్న రెయిజ్ వచ్చిందంటే మరింత జాగ్రత్తపడాలి.

ముందుగా ఒక మాట. న్యూజెర్సీలో 21 ఏళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్ పోకర్ ఆడటానికి 2013 నుంచి అనుమతి ఉంది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. కాబట్టి నేను చెప్పేది ఇక్కడి ఆట గురించే.

నేను కూర్చునేది 5, 10 సెంట్ల బ్లైండ్ల టేబుల్ దగ్గర. నా చేతిలో ఇస్పేటు ఆసు, ఆటీను రాజు ఉన్నాయనుకోండి. 30 సెంట్లకు పెంచాను. బిగ్ బ్లైండ్‌లో ఉన్నతను ఒక్కడే కాల్ చేశాడు. పాట్ 65 సెంట్లు. ఫ్లాప్‌లో కళావరు రాజు, డైమను 8, ఇస్పేటు 3 పడ్డాయి. అతను చెక్ అన్నాడు. రాజుల జత కలిసింది కదా అని నేను 40 సెంట్లు కట్టాను. అతను దాన్ని 80 చేశాడు. నిబంధన ప్రకారం అంతకంటే తక్కువ పెంచడానికి వీల్లేదు.

ఇప్పుడు పాట్‌లో 1.85 డాలర్లున్నాయి. నేను కట్టాల్సింది ఇంకో 40 సెంట్లే. 18 శాతం గెలుపు అవకాశం ఉంటే నష్టం లేదు. లెక్క ఇంతవరకే చూస్తే ఫోల్డ్ చేయబుద్ధి కాదు. కానీ చౌకగా వస్తోందని పుచ్చు వంకాయలు కొనం కదా.

అతని వైపు నుంచి చూడండి. నన్ను బెదిరించి పంపించేయాలనుకునేవాడు ఇంత తక్కువకు కాల్ చేసే వీలు ఎందుకిస్తాడు? పైగా రెయిజ్ పెట్టెలో సాధారణంగా ముందే కనిపించే అంకె కనీస మొత్తమే. సరదాగా ఆడేవాళ్లు చాలామంది దాన్ని మార్చరు. చేతిలో జత ఉన్నవాడికి ఫ్లాప్‌లో మూడోది కలిసే అవకాశం సుమారు 12 శాతం. అంత అరుదుగా మూడు ఎనిమిదులు దొరికితే, ఎదుటివాళ్లు పారిపోకూడదని కొంచెమే పెంచుతాడు.

అయితే చిన్న రెయిజ్‌లన్నీ ఒకటి కావు. ఫ్లాప్‌లో రెండు ఇస్పేట్లు ఉండి, నా తర్వాత ఆడేవాడు పెంచితే, అతను ఫ్లష్ కోసం చూస్తూ ఉండవచ్చు. నేను భయపడి టర్న్‌లో చెక్ చేస్తే, రివర్ కార్డు అతనికి ఉచితంగా దొరుకుతుంది. అందుకే ఫ్లాప్‌లో పెద్ద జత ఉంటే నేను ఎక్కువగా కాల్ చేస్తాను. అతను టర్న్‌లోనూ గట్టిగా కడితే మాత్రం మళ్లీ ఆలోచిస్తాను.

రివర్‌లో ఇక రావాల్సిన కార్డు లేదు. పాట్ 2 డాలర్లు, నేను 1 కట్టాను, అతను 2 చేశాడు. ఆరుసార్లలో ఒకసారి గెలిచినా నా డాలర్ గిట్టుబాటే. అయినా ఈ టేబుళ్ల దగ్గర ఒంటి జత అన్నిసార్లు కూడా గెలవదని నా గట్టి నమ్మకం. అక్కడ ఫోల్డ్ చేయడం పిరికితనం కాదు.

ప్రతి బెట్‌నూ రెట్టింపు చేసే అలవాటున్న మనుషులూ ఉంటారు. వాళ్ల విషయంలో ఈ సూత్రం చెల్లదు. అందుకే అలాంటివాళ్ల పేరు పక్కన నోట్ రాసుకోండి. చిన్న రెయిజ్ రాగానే, అతని దగ్గర ఏముందనుకుంటున్నారో ఒక కాగితం మీద పెట్టండి. కార్డులు తెరిచాక సరిచూసుకోండి. కాల్ చేయకపోయినా, వేరేవాళ్ల ఆటలోనూ ఇది చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. ఎదుటి మనిషి ఆలోచనను అందుకోవడం అలాగే వస్తుంది. నాకు ఈ ఆట మీద ఇష్టం కలిగింది అందుకే.