ఒలీవియర్‌ను నిలబెట్టిన నాటకశాల

లండన్‌లో వాటర్లూ స్టేషన్ దిగి వాటర్లూ రోడ్డు పట్టుకుంటే, ‘ద కట్’ అనే వీధి మొదట్లోనే కనిపిస్తుంది ఓల్డ్ విక్. వెయ్యి మంది కూర్చుని నాటకం చూడగలిగే పాత భవనం. థేమ్స్ నదికి అవతలి ఒడ్డున వెస్ట్ ఎండ్ థియేటర్లకున్న తళుకు దీనికి లేదు. దగ్గర్లోనే లోయర్ మార్ష్ సంత. తరతరాలుగా ఇటు బతికింది కూలినాలి జనం. ఈ నాటకశాల వాళ్ల కోసమే నిలిచింది.

లారెన్స్ ఒలీవియర్ పేరు వింటే మనకు ముందు సినిమాలే గుర్తొస్తాయి. ‘వదరింగ్ హైట్స్’లో హీత్‌క్లిఫ్, హిచ్‌కాక్ తీసిన ‘రెబెకా’లో మాక్సిమ్, తానే తీసి తానే నటించి ఆస్కార్ అందుకున్న ‘హామ్లెట్’. వాటిని తక్కువ చేయలేం. కానీ ఆయన జీవితాన్ని సినిమాల వరుసలో చూస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం ఈ వీధి మూలన ఉంది. నా లెక్కలో అదే పెద్ద సగం.

1818లో దీన్ని రాయల్ కోబర్గ్ అనే పేరుతో తెరిచారు. 1833లో యువరాణి విక్టోరియా పేరు పెడితే, జనం నోట్లో అది అరిగి అరిగి ‘ఓల్డ్ విక్’ అయింది. చౌకబారు మెలోడ్రామాలకు, తాగి చేసే అల్లరికి పేరుపడ్డ ఈ హాలును 1880లో ఎమ్మా కాన్స్ అనే సంఘసేవకురాలు చేతుల్లోకి తీసుకుంది. మద్యం మాన్పించింది. కాఫీ పోయించింది. పగలంతా ఒళ్లు వంచిన మనిషి సాయంత్రం ఒక పాటో ప్రసంగమో విని ఇంటికి పోవాలన్నది ఆమె పట్టుదల. ఆ ప్రసంగాల నుంచే మోర్లీ కాలేజీ పుట్టింది.

1912లో ఎమ్మా కన్నుమూశాక బాధ్యత ఆమె తోబుట్టువు కూతురు లిలియన్ బేలిస్ మీద పడింది. ఓల్డ్ విక్‌ను ఓల్డ్ విక్ చేసిన మనిషి ఈవిడే. 1914లో షేక్‌స్పియర్ నాటకాలు మొదలుపెట్టించింది. 1923 వచ్చేసరికి ఆయన తొలి సంపుటంలోని నాటకాలన్నీ ఈ వేదిక మీద ఆడేశారు. డబ్బు మాత్రం ఎప్పుడూ కటకటే. మంచి నటుణ్ణి పంపు, తక్కువ జీతానికి ఒప్పుకునేవాణ్ణి పంపు అని దేవుడికి మొక్కుకునేదట. ఒకవైపు నాటకం నడుస్తుంటే తెర పక్కన స్టవ్ వెలిగించి మాంసం వేయించేదని, ఆ వాసన ముందు వరుసల దాకా వచ్చేదని రంగస్థల పెద్దలు చెప్పుకునేవారు. గొప్ప కళకు గొప్ప హంగులు కావాలనుకునేవాళ్లు బేలిస్ కథ ఒకసారి చదవాలి.

ఒలీవియర్ ఈ గడప తొక్కేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. 1907లో సర్రే ప్రాంతంలోని డార్కింగ్‌లో పుట్టిన చర్చి గురువు కొడుకు. 1935లో జాన్ గీల్‌గుడ్‌తో వేషాలు మార్చుకుంటూ రోమియోగా, మెర్కూషియోగా నటించినప్పుడు, గీల్‌గుడ్ పద్యం పలికితే సంగీతం, ఈ కుర్రాడికి పద్యం చదవడమే రాదు అన్నట్టుగా విమర్శకులు రాశారు. పద్యం రాని నటుణ్ణి నటుడే కాదనే గడ్డ మీద పుట్టిన మనకు ఆ దెబ్బ ఎంత లోతుకు దిగుతుందో వేరే చెప్పాలా?

జవాబు చెప్పడానికి ఆయన ఎంచుకున్న చోటు ఓల్డ్ విక్. 1937 జనవరిలో ఒక్క ముక్కా కోయకుండా పూర్తి ‘హామ్లెట్’. దర్శకుడు టైరోన్ గత్రీ. పాత్ర గుట్టు పట్టుకోవడానికి ఇద్దరూ కలిసి ఫ్రాయిడ్ శిష్యుడు ఎర్నెస్ట్ జోన్స్ దగ్గరికి వెళ్లారు. అదే ఏడు వేసవిలో ఆ నాటకాన్ని డెన్మార్క్‌లో, హామ్లెట్ కథ నడిచే ఎల్సినోర్ కోటలోనే ఆడబోతే వాన ముంచెత్తింది. నాటక సమాజమంతా హోటల్ హాల్లోకి పరుగెత్తి, కుర్చీలు సర్దుకుని అక్కడే ఆడేసింది. నవంబరులో ‘మాక్‌బెత్’ సిద్ధమైంది. అది వాయిదా పడి 26న మొదలైంది. ముందు రోజే బేలిస్ కన్నుమూసింది. అయినా తెర లేచింది.

1941లో బాంబు పడి భవనం దెబ్బతింది. గూడు పోయినా సమాజం చెదరలేదు. నౌకాదళ విమానాలు నడుపుతున్న ఒలీవియర్‌నూ, రాల్ఫ్ రిచర్డ్‌సన్‌నూ వెనక్కి రప్పించి 1944లో న్యూ థియేటర్‌లో ఆటలు మొదలుపెట్టారు. మూడవ రిచర్డ్‌గా ఒలీవియర్ వేసిన వేషం అక్కడిదే. తర్వాతి ఏడాది ఆయన చేసిన సాహసం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. ఒకే రాత్రి ముందు ‘ఈడిపస్’ రాజుగా కళ్లు పొడుచుకునే విషాదం, విరామం తర్వాత ‘ద క్రిటిక్’లో పఫ్‌గా నవ్వుల వేషం. నిజం తెలిసిన క్షణాన ఈడిపస్ వేసే కేక కోసం ఆయన ఎక్కడెక్కడో వెతికాడు. మంచు మీద ఉప్పు చల్లితే దాన్ని నాకబోయి నాలుక అతుక్కుపోయే ఎర్మిన్ అనే చిన్న జంతువు బాధ గురించి ఎక్కడో చదివి, ఆ కేకను దాని నుంచి తీసుకున్నానని తానే చెప్పాడు.

1948లో ఇదే సమాజంతో ఆస్ట్రేలియాలో ఊరూరా నాటకాలు ఆడుతుండగా లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. మీ కాంట్రాక్టు ఇక పొడిగించబోం అని. రిచర్డ్‌సన్‌కూ, మూడో భాగస్వామి జాన్ బరెల్‌కూ అదే మాట. ఎవరి రక్తం చెమటగా మారి ఆ సమాజానికి పేరొచ్చిందో వాళ్లనే గుమ్మం బయట నిలబెట్టారు. దీన్ని అన్యాయం అనే అంటాను.

పదిహేనేళ్ల తర్వాత కొత్తగా ఏర్పడిన నేషనల్ థియేటర్‌కు సొంత ఇల్లు లేక ఓల్డ్ విక్‌లోనే కాపురం పెట్టింది. దానికి మొదటి డైరెక్టర్ ఒలీవియర్! 1963 అక్టోబర్ 22న తొలి నాటకం ‘హామ్లెట్’. ఈసారి వేషం పీటర్ ఓటూల్‌ది, దర్శకత్వం తనది. ఆఫీసు మాత్రం అక్వైనస్ వీధిలోని చెక్క షెడ్లు. మాగీ స్మిత్, డెరెక్ జాకోబీ, ఆంథనీ హాప్కిన్స్ రాటుదేలింది ఆ రోజుల్లోనే. 1967లో ఒలీవియర్ జబ్బుపడితే ‘డాన్స్ ఆఫ్ డెత్’లో ఆయన వేషం వేసింది హాప్కిన్సే.

1964 నాటి ‘ఒథెల్లో’ గురించి దాచకుండా చెప్పాలి. గొంతును కిందికి దింపడానికి ఆయన నెలల తరబడి సాధన చేశాడు. ఒళ్లంతా నల్లరంగు పులుముకున్నాడు. శ్రమ అపారం. కానీ నల్లజాతి మనిషి నడకనూ మాటనూ వేషంగా తొడుక్కున్న ఆ తీరు ఇవాళ చూస్తే నొప్పి పుడుతుంది. ఆ నాటకాన్నే సినిమాగా తీస్తే నలుగురు నటులు ఆస్కార్ నామినేషన్ పొందారు. అయినా ఆ నొప్పి పోదు.

అదే కాలంలో ఆయన్ని వేదిక భయం పట్టుకుంది. యాభై ఏడేళ్ల వయసులో, అంతటి నటుడికి! డైలాగులు మరిచిపోతానేమోనని వణికిపోతూ కూడా వేషం మానలేదు. 1970లో షైలాక్‌గా నిలబడ్డాడు. 1974 మార్చి 21న ‘ద పార్టీ’లో గ్లాస్గో కమ్యూనిస్టు జాన్ టాగ్‌గా సుదీర్ఘమైన ఉపన్యాసం పలికి ఓల్డ్ విక్ వేదిక దిగాడు. మళ్లీ ఏ రంగస్థలం మీదా నాటకంలో నటించలేదు. తర్వాత ‘మారథాన్ మాన్’ లాంటి సినిమాలు, టీవీలో ‘కింగ్ లియర్’. 1989 జూలై 11న కన్నుమూశాడు.

నేషనల్ థియేటర్ 1976లో థేమ్స్ ఒడ్డున సొంతింటికి మారినప్పుడు అందులోని పెద్ద వేదికకు ఒలీవియర్ పేరు పెట్టారు. రాణి హాజరైన ప్రారంభోత్సవంలో స్వాగత వచనాలు పలకడానికి తప్ప ఆయన ఆ వేదిక ఎక్కలేదు.

ఓల్డ్ విక్‌లో మాత్రం ఇప్పటికీ నాటకాలు ఆడుతున్నారు. లండన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు చెప్పండి. ఒక సాయంత్రం వాటర్లూలో దిగి, చవకైన టికెట్ కొనుక్కుని, పై గ్యాలరీలో కూర్చుని ఒక నాటకం చూడమనండి.