మలేరియా గుట్టు విప్పింది మన బేగంపేటలోనే.. ఆ రోజు మైక్రోస్కోప్‌లో ఏం కనిపించింది?

చలిజ్వరం వస్తే సోమాజిగూడలోనైనా, పంజాగుట్టలోనైనా ల్యాబ్‌లో రక్తం చుక్క తీసి గాజు స్లైడ్‌పై పూస్తారు. మైక్రోస్కోప్ కింద పెట్టి మలేరియా ఉందో లేదో చూస్తారు. ఈ పరీక్షకు, పక్కనే ఉన్న బేగంపేటకు గట్టి లింకే ఉంది.

1897 ఆగస్టు 20. సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న వైద్యాధికారి రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, దాని పొట్ట గోడను మైక్రోస్కోప్‌లో పరిశీలించారు. గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. రోగుల రక్తంలోని మలేరియా క్రిమిలో ఉండేవీ అలాంటి రేణువులే. అంటే ఆ క్రిమి దోమలోనూ పెరుగుతోందన్నమాట! 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది. బేగంపేటలోని ఆ పాత భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఇంతకీ మైక్రోస్కోప్ ఎలా పనిచేస్తుంది?

కింది నుంచి వచ్చే వెలుతురు స్లైడ్ గుండా వెళ్తుంది. స్లైడ్ దగ్గరి లెన్స్ బొమ్మను పెద్దది చేస్తే, కంటి దగ్గరి లెన్స్ దాన్ని ఇంకా పెంచుతుంది. 10, 40 లెన్సులు కలిస్తే 400 రెట్లు. మలేరియాకు 100 లెన్స్ వాడతారు. అంటే 1,000 రెట్లు. ఈ లెన్స్‌కు, స్లైడ్‌కు మధ్య ఒక చుక్క నూనె వేస్తారు. గాలి ఉంటే వెలుతురు పక్కకు వంగిపోతుంది, నూనె ఉంటే నేరుగా లెన్స్‌లోకి వెళ్తుంది.

స్టూడెంట్స్ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఎప్పుడైనా చిన్న లెన్స్‌తోనే మొదలుపెట్టాలి. పెద్ద లెన్స్‌కు మారాక చిన్న స్క్రూనే తిప్పాలి. లేదంటే స్లైడ్ పగలడం ఖాయం.

మరి డెంగీకి ఈ పరీక్ష ఎందుకు చేయరు?

మామూలు మైక్రోస్కోప్‌కు ఒక హద్దు ఉంది. సుమారు 0.2 మైక్రాన్ల కంటే చిన్నవాటిని అది స్పష్టంగా చూపలేదు. ఎర్ర రక్తకణం 7 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి అందులో దాక్కున్న మలేరియా క్రిమి దొరికిపోతుంది. డెంగీ వైరస్ సైజు దాదాపు 0.05 మైక్రాన్లే. అందుకే దానికి వేరే రక్తపరీక్షలు చేస్తారు.

ఇంకో ముఖ్య విషయం. రక్తంలో క్రిములు తక్కువగా ఉంటే ఒక్క స్లైడ్‌లో దొరక్కపోవచ్చు. రిపోర్ట్ నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే ఊరుకోవద్దు. డాక్టర్‌ను కలిసి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.